ఇంటి సీఎన్‌సీకి ఏ రౌటర్? వాట్ల కంటే ముందు చూడాల్సినవి

కంప్యూటర్ చెప్పిన దారిలో కదిలే చట్రం, దానికి బిగించిన ఒక కోత మోటారు. సీఎన్‌సీ యంత్రం అంటే స్థూలంగా ఇంతే. 1952లో అమెరికాలోని ఎంఐటీ సర్వోమెకానిజమ్స్ లేబొరేటరీ ఇలాంటి తొలి యంత్రాన్ని ప్రదర్శించినప్పుడు, వాక్యూమ్ ట్యూబులతో నడిచే దాని నియంత్రణ వ్యవస్థకు పెద్ద బీరువాలంత చోటు కావలసి వచ్చింది. ఇప్పుడు ఆ పనిని అరచేతిలో పట్టే ఆర్డ్యూయినో బోర్డు చేస్తోంది. 2011లో ఎడ్వర్డ్ ఫోర్డ్ రూపొందించిన షేపోకో వంటి బహిరంగ నమూనాలు వచ్చాక, పాలిటెక్నిక్ విద్యార్థులు, నేమ్‌ప్లేట్లు చెక్కేవారు, వడ్రంగులు కూడా సొంతంగా ఇలాంటి యంత్రాలు కట్టుకుంటున్నారు.

చట్రం, పట్టాలు, స్టెప్పర్ మోటార్లు సమకూరాక అందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటే: కోసే మోటారు ఏది? ఫ్యాక్టరీ యంత్రాల్లో ఉండే అసలైన స్పిండిల్‌కు, దాన్ని నడిపే వీఎఫ్‌డీకి కలిపి ఖర్చు ఎక్కువ. అందుకని చాలామంది వడ్రంగులు చేత్తో పట్టి వాడే రౌటర్‌నో, ట్రిమ్మర్‌నో తెచ్చి బిగిస్తారు. (ఇంట్లో వైఫై ఇచ్చే రౌటర్‌తో దీనికి పేరులో తప్ప పోలిక లేదు.) ఈ ఎంపికలో జరిగే సాధారణ పొరపాటు, డబ్బా మీద వాట్లు ఎక్కువున్నదాన్ని కొనడం. నిజానికి ముందు చూడాల్సింది ఆ రౌటర్ ఎంత నెమ్మదిగా తిరగగలదన్నది.

రౌటర్‌లో ఉండేది కార్బన్ బ్రష్‌లతో పనిచేసే యూనివర్సల్ మోటారు. మిక్సీలో ఉండేదీ ఇదే రకం. మామూలు ఇండక్షన్ మోటారు మన 50 హెర్ట్జ్ కరెంటు మీద నిమిషానికి 3,000 చుట్లు దాటలేదు. యూనివర్సల్ మోటారుకు ఆ హద్దు లేదు కాబట్టి, పిడికెడు పరిమాణంలోనే 30,000 చుట్లు తిరిగి గట్టి శక్తినిస్తుంది. చేత్తో పట్టుకున్న మనిషికి ఆ వేగం మేలే. ప్రతి అంచూ కొద్దికొద్దిగానే కోస్తుంది కాబట్టి పనిముట్టు చేతిని లాగేయదు. చెక్క మాడుతున్న వాసన వస్తే చేయి దానంతట అదే త్వరపడుతుంది. సీఎన్‌సీకి ముక్కు లేదు. ఫైల్‌లో రాసిన వేగంతోనే పోతుంది.

ఒక లెక్క

6 మిల్లీమీటర్ల బిట్‌కు రెండు కోత అంచులు ఉన్నాయనుకుందాం. ఇంట్లో కట్టిన యంత్రం వణకకుండా నిమిషానికి 1,500 మి.మీ. కదలగలదు. బాష్ జీకేఎఫ్ 550 లాంటి ట్రిమ్మర్‌కు ఒకే వేగం, నిమిషానికి 33,000 చుట్లు. రెండు అంచులు కాబట్టి నిమిషానికి 66,000 కోతలు. 1,500ను 66,000తో భాగిస్తే ఒక్కో అంచు వంతుకు వచ్చేది 0.023 మి.మీ. మందమున్న పొర. తల వెంట్రుక కంటే పలచన.

అంత పలుచని పొరతో ఏమిటి ఇబ్బంది? బిట్ అంచు ఎంత పదునుగా ఉన్నా దాని కొన గీతలా ఉండదు, మైక్రాన్ల లెక్కలో కాస్త గుండ్రంగా ఉంటుంది. వాడేకొద్దీ ఆ గుండ్రం పెరుగుతుంది. కోయాల్సిన పొర మరీ పలచనైతే అంచు లోపలికి దిగదు, పైపైన రాసుకుంటూ పోతుంది. రాపిడి అంటే వేడి. మామూలు కోతలో ఆ వేడిలో చాలా భాగాన్ని ఊడిపడే తునకలే మోసుకుపోతాయి. తునకకు బదులు పొడి రాలుతుంటే వేడంతా బిట్‌లోనూ చెక్కలోనూ నిలిచిపోతుంది. యాక్రిలిక్ సుమారు 100 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది కాబట్టి కరిగి బిట్‌కు ముద్దలా చుట్టుకుంటుంది. ఎండీఎఫ్ అంచులు నల్లబడతాయి, కొత్త బిట్ ఒక్క పూటలో మొద్దుబారుతుంది. ఇక్కడ పోయేది బిట్ ఖరీదు ఒక్కటే కాదు. రాపిడికి పుట్టిన నిప్పురవ్వ పొట్టు లాగే వాక్యూమ్ సంచిలోకి చేరితే, యంత్రాన్ని ఆపి పడుకున్నాక కూడా లోలోపల రాజుకోవచ్చు.

ఇప్పుడు అదే యంత్రానికి మకిటా ఆర్‌టీ0700సీ బిగించారనుకుందాం. దాని వేగం 10,000 నుంచి 30,000 వరకు మార్చుకోవచ్చు. 10,000 దగ్గర పెడితే ఒక్కో అంచుకు 0.075 మి.మీ. వస్తుంది. రెండంచుల బిట్ తీసి ఒకే అంచున్నది పెడితే 0.15 మి.మీ. ఇది తునక తెగి పడే కోత. డివాల్ట్ డీడబ్ల్యూపీ611 కనిష్ఠ వేగం 16,000. రెండంచుల బిట్‌తో 0.047 వస్తుంది, సర్దుకుపోవచ్చు. ఒకే వేగమున్న ట్రిమ్మర్ చవక. కానీ దాంతో 0.075 మి.మీ. పొర రావాలంటే చట్రం నిమిషానికి దాదాపు 5 మీటర్లు పరుగెత్తాలి. ప్లాస్టిక్ మూలలు, ఉక్కు కడ్డీలతో కట్టిన యంత్రం అంత వేగాన్ని తట్టుకోదు. దీని బదులు ఒకే అంచున్న బిట్ వాడి కొంత నెట్టుకు రావచ్చు, అంతే.

దీనికి మినహాయింపు సర్క్యూట్ బోర్డులు చెక్కేవారు. వాళ్ల బిట్ కొన 0.2 మి.మీ. మాత్రమే. అంత సన్నని కొన 30,000 చుట్లు తిరిగినా దాని అంచు కదిలే వేగం సెకనుకు 0.3 మీటర్లే. అదే చుట్లలో 6 మి.మీ. బిట్ అంచు సెకనుకు 9.4 మీటర్లు కదులుతుంది. కాబట్టి ఆ పనికి ఎంత వేగమున్నా ఎక్కువ కాదు.

ఒకే వేగం ట్రిమ్మర్‌కు బయట ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటిది తగిలించి తగ్గిస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. తిరగడమైతే నెమ్మదిగానే తిరుగుతుంది. బిట్ చెక్కలోకి దిగగానే ఇంకా నెమ్మదించి కూలబడుతుంది. వేగాన్ని మార్చుకోగల మంచి రౌటర్ లోపల ఉండే ఎలక్ట్రానిక్స్ చుట్లను గమనిస్తూ, భారం పెరిగినప్పుడు కరెంటు పెంచి వేగాన్ని నిలబెడతాయి. ఆ ఎలక్ట్రానిక్స్ ఉన్న రౌటర్‌కు మళ్లీ బయట రెగ్యులేటర్ పెట్టడం మాత్రం దాన్ని పాడుచేసుకోవడమే.

వాట్ల సంగతి

అల్యూమినియంలో ఒక ఘన మిల్లీమీటరును కోసి తీయడానికి సుమారుగా ఒక జౌలు శక్తి చాలు. 6 మి.మీ. వెడల్పు, అర మిల్లీమీటరు లోతు కాలువను నిమిషానికి 800 మి.మీ. చొప్పున కోస్తే, సెకనుకు 40 ఘన మి.మీ. లోహం లేస్తుంది. అంటే 40 వాట్లు. డబ్బా మీద రాసేది మోటారు తీసుకునే విద్యుత్తు, బిట్ దగ్గర దొరికేది అంతకంటే తక్కువ. ఆ నష్టాలన్నీ తీసేసినా 700 వాట్ల ట్రిమ్మర్‌కు ఇది బరువు పని కాదు. ఇంటి యంత్రంలో ముందు లొంగిపోయేది చట్రం, మోటారు కాదు.

అందుకే 2,000 వాట్ల పెద్ద రౌటర్ తెచ్చి బిగిస్తే లాభం కంటే నష్టమే ఎక్కువ. ట్రిమ్మర్ బరువు రెండు కిలోల లోపు, పెద్ద రౌటర్‌ది నాలుగైదు కిలోలు. ఆ బరువంతా పైకీ కిందికీ కదిలే జడ్ అక్షం మీద పడుతుంది. చిన్న స్టెప్పర్ మోటారు అడుగులు తప్పుతుంది, అడుగు తప్పితే అక్కడి నుంచి కోత అంతా తప్పు చోట పడుతుంది. బిట్‌ను అవసరానికి మించి పొడుగ్గా బయటికి వదలడం కూడా ఇలాంటిదే. బయట ఉన్న పొడవు రెట్టింపైతే బిట్ వంగడం ఎనిమిది రెట్లవుతుంది.

బిట్ నిటారుగా తిరుగుతోందా?

బిట్ తన నడిమి గీత మీదే తిరగకుండా కాస్త పక్కకు ఊగుతూ తిరగడాన్ని రనౌట్ అంటారు. క్రికెట్‌లోలాగే ఇక్కడా నష్టమే. కాలెట్‌లో 6 మి.మీ. నునుపైన ఉక్కు పిన్ను బిగించి, దానికి డయల్ గేజ్ ఆనించి, ప్లగ్ తీసేసి చేత్తో మెల్లగా తిప్పితే ముల్లు ఎంత ఆడుతుందో తెలుస్తుంది. ఆ ఆట 0.05 మి.మీ. అనుకుందాం. ఒక్కో అంచు వంతు కూడా 0.05 అయితే, ఊగుడు సరిగ్గా అంచుల దిశలో పడినప్పుడు ఒక అంచు 0.1 మి.మీ. కోస్తుంది, రెండోది ఏమీ కోయదు. రెండంచుల బిట్ కొన్నా పనిచేసేది ఒకటే. సన్నని బిట్లు తరచూ విరగడానికి ఇదొక ముఖ్య కారణం.

రౌటర్‌తో వచ్చిన కాలెట్ నాసిరకంగా ఉంటే, అదే మోడల్‌కు సరిపోయే మెరుగైన కాలెట్ దొరుకుతుందేమో కొనకముందే విచారించాలి. కాలెట్ కొలత కూడా బిట్‌కు కచ్చితంగా సరిపోవాలి. పావు అంగుళం అంటే 6.35 మి.మీ., దాంట్లో 6 మి.మీ. బిట్ పెట్టి ఎంత బిగించినా పట్టు ఉండదు. మధ్యలో గొట్టం తొడిగి సర్దితే ఊగుడు పెరుగుతుంది. బేరింగుల సంగతి వేరు. చేతి రౌటర్‌లో ఉండేవి మామూలు బాల్ బేరింగులు, నిట్టనిలువుగా గుచ్చే పనికి ఉద్దేశించినవి కావు. సీఎన్‌సీలో బిట్‌ను నేరుగా కిందికి దించకుండా వాలుగా దించితే ఎక్కువకాలం మన్నుతాయి.

కరెంటు పోయి వస్తే

వడ్రంగి రౌటర్‌ను ఏకబిగిన పది నిమిషాలు వాడితే ఎక్కువ. ఉబ్బెత్తు శిల్పం చెక్కే సీఎన్‌సీ దాన్ని నాలుగైదు గంటలు తిప్పుతుంది. బ్రష్‌లు త్వరగా అరుగుతాయి కాబట్టి వాటిని బయటి నుంచే విప్పి మార్చుకునే వీలున్న మోడల్ మేలు. మోటారును చల్లబరిచే ఫ్యాను అదే ఇరుసు మీద ఉంటుంది, అందువల్ల కనిష్ఠ వేగంలో గాలీ తక్కువే. నెమ్మదిగా తిప్పుతున్నప్పుడు లోతు తగ్గించి కోయాలి. బ్రష్‌ల దగ్గర లేచే మెరుపులు పక్కనున్న తీగల్లో అలజడి పుట్టించి, పని మధ్యలో యూఎస్‌బీ తెగిపోయేలా చేస్తాయి. రౌటర్ తీగను కంట్రోలర్ తీగలకు దూరంగా, వేరే ప్లగ్‌కు తీసుకుపోవడం దీనికి తొలి మందు.

అసలు ప్రమాదం మరొకటుంది. చేతి రౌటర్ స్విచ్ ఒకసారి నొక్కితే అలాగే ఉండిపోతుంది. కరెంటు పోతే అన్నీ ఆగుతాయి. ఏం జరిగిందో చూడటానికి ఎవరో చెక్క దగ్గర చేయి పెడతారు. అప్పుడే కరెంటు వస్తుంది. కంట్రోలర్ కొత్త ఆజ్ఞ కోసం ఎదురుచూస్తూ కదలకుండా ఉంటుంది, రౌటర్ మాత్రం పూర్తి వేగంతో లేస్తుంది. కోతలు మామూలైన చోట ఇది ఎప్పుడో జరిగే విషయం కాదు. రౌటర్‌ను నేరుగా గోడ ప్లగ్‌కు కాకుండా, కరెంటు పోయాక బటన్ మళ్లీ నొక్కితే తప్ప కలవని కాంటాక్టర్ ద్వారా ఇవ్వాలి. అత్యవసర ఎర్ర బటన్ స్టెప్పర్లతోపాటు రౌటర్‌నూ ఆపేలా ఆ కాంటాక్టర్‌కే కలపాలి. విదేశాల నుంచి తెప్పించే రౌటర్ మీద 120 వోల్టులని ఉంటే దాన్ని మన 230 వోల్టులకు నేరుగా కలిపితే కాలిపోతుంది, తగిన సామర్థ్యమున్న ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

చెవులు, ఊపిరితిత్తుల లెక్క కూడా రౌటర్ ధరలో కలుపుకోవాలి. అమెరికాకు చెందిన నియాష్ సంస్థ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినకూడదు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది, 91 దగ్గర రెండు గంటలే. చెక్క ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. రౌటర్ ఫ్యాను గాలిని కిందికే ఊది ఆ ధూళిని గదంతా చల్లుతుంది కాబట్టి, బిట్ చుట్టూ బ్రష్ తొడుగు, దానికి వాక్యూమ్ గొట్టం ఉండాల్సిందే.

రోజంతా యంత్రం నడిపి దానిమీదే బతకాలనుకునేవారు మాత్రం కొంత ఆగి, డబ్బు కూడబెట్టి స్పిండిలే కొనడం మంచిది. అందులో బ్రష్‌లు ఉండవు, మోత బాగా తక్కువ. వీఎఫ్‌డీ కరెంటును 400 హెర్ట్జ్ దాకా పెంచితే రెండు ధ్రువాల మోటారు 24,000 చుట్లు తిరుగుతుంది, హెర్ట్జ్ తగ్గిస్తే వేగమూ తగ్గుతుంది. మిగతావారు రౌటర్‌తో మొదలుపెట్టినా, దాన్ని పట్టే క్లాంపును 65 మి.మీ. లోపలి వ్యాసంతో చేయించుకుంటే మంచిది. మకిటా ట్రిమ్మర్ ఒంటి వ్యాసం అంతే, మార్కెట్లో దొరికే చిన్న స్పిండిళ్లలో చాలావాటిదీ అంతే. రేపు మోటారు మార్చినప్పుడు చట్రాన్ని విప్పే పని ఉండదు. స్పిండిల్ బరువును జడ్ అక్షం మోయగలదా అన్నది ఒక్కటి చూసుకుంటే చాలు.