సెలవులలో విద్యార్థి సేవ – పంచాయతీ సభ్యుల కర్తవ్యము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కళాశాలలలో చదువుకొను విద్యార్థులలో పెక్కుమంది చుట్టుప్రక్కల పల్లెల బిడ్డలే. సెలవులు రాగానే వారిలో కొందరు జాతీయ సేవా పథకము సేవకులుగా పల్లెలకు వత్తురు. వారి శ్రమ గ్రామమునకు నిలుచునా, వారితోనే వెడలిపోవునా అనునది చాలవరకు పంచాయతీ సభ్యుల చేతిలో నున్నది.

గాంధీ మహాత్ముని శతజయంతి సంవత్సరమున, 1969 సెప్టెంబరు 24వ తేదీన, నాటి కేంద్ర విద్యామంత్రి డాక్టరు వి.కె.ఆర్.వి. రావు ఈ పథకమును 37 విశ్వవిద్యాలయములలో ప్రారంభించిరి. నాడు చేరిన విద్యార్థులు 40,000 మంది. “నేను కాదు, మీరు” అనునది దీని ఆదర్శవాక్యము. ప్రతి సేవకుడును ఏడాదికి 120 గంటల వంతున రెండేండ్లు పనిచేయవలెను. ఇదిగాక, దత్తత గ్రామములో ఏడు దినముల ప్రత్యేక శిబిరము జరుగును.

ఏడు దినములు స్వల్పకాలము. కావున ఏ పని చేయవలయునో ముందుగానే గ్రామసభలో నిర్ణయింపుడు. కూలివారికి దక్కవలసిన పనిని విద్యార్థుల కప్పగింపరాదు. పాఠశాలలో బస, త్రాగునీరు, విద్యార్థినులకు వేరుగా గదులు, మరుగుదొడ్లు సిద్ధపరచవలెను. గడ్డపారలు, పారలు, తట్టలు సమకూర్చవలెను. నాట్లు, కోతల రోజులలో ఊరివారు పగలు పొలముల నుందురు గనుక సభలు సాయంకాలము జరుపుట మేలు.

చదువుకొన్నవారు మాత్రమే చక్కగా చేయగల పనులు కొన్ని గలవు. ఉమ్మడి నల్గొండ జిల్లాను చిరకాలము పీడించిన ఫ్లోరైడు విషయమే చూడుడు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడు పండ్లకు, ఎముకలకు చేటు. నీటిని కాచినంత మాత్రమున అది పోదు. పటిక, సున్నములతో దానిని తగ్గించు విధానము “నల్గొండ పద్ధతి” అను పేర తూర్పు ఆఫ్రికా దేశములలో సైతము వాడబడినది. కాని నీటిని పరీక్షింపక పటిక మోతాదును నిర్ణయింపరాదు. ఏ యింటివారు ఏ బోరునీరు త్రాగుచున్నారో విద్యార్థులు ఇంటింటికి తిరిగి వ్రాసికొని, నమూనాలను ప్రయోగశాలకు పంపినచో అది గ్రామమునకు గొప్ప మేలు.

శిబిరము ముగిసిన నాడే పంచాయతీ పని మొదలగును. నాటిన మొక్కకు నీరు పోయువారు లేకున్న వేసవికి ఎండిపోవును. ఇంకుడుగుంతలో పూడిక తీయకున్న నీరింకదు. సేకరించిన వివరములు పంచాయతీ దస్త్రమునకు ఎక్కకున్న మరుసటి ఏడు మరల మొదటికే వచ్చును. అందుచేత ఒక్కొక్క పనిని ఒక్కొక్క వార్డు సభ్యునికి పేరుపేరున అప్పగించి, తరువాతి గ్రామసభలో దాని స్థితిని అడుగవలెను.

విద్యార్థులు విత్తనము వేసి పోవుదురు. కాపు కాచి పంట నింటికి చేర్చవలసినవారు గ్రామస్థులే.