నష్టాన్ని ముందుగా లెక్కకట్టే చదువు

(మా వాణిజ్య విలేకరి)

బి.కాం. పూర్తిచేసిన కొడుకును దుకాణంలో కూర్చోబెట్టాలా, ఫైనాన్షియల్ రిస్క్ మేనేజ్‌మెంటులో ఎమ్మెస్సీ చదివించాలా అని పసుపు వర్తకులొకరు ఇటీవల అడిగారు. లక్షలు పోసి చదివే ఈ చదువులో మన బజారుకు తెలియనిది ఏముందన్నది వారి సందేహం. సందేహం న్యాయమైనదే. తేజీ మందీలు చూడని వర్తకుడు లేడు. అయితే ధర పెరుగుతుందా, పడుతుందా అని చెప్పడం ఈ చదువు పని కాదు. ధర ఎటు పోయినా మన పెట్టుబడి ఎంతవరకు తట్టుకోగలదో ముందుగా లెక్కకట్టడమే దాని పని. ఒక చిన్న లెక్కతో చూద్దాం.

పసుపు లెక్క

దుగ్గిరాలలో ఒక వర్తకుని వద్ద 100 క్వింటాళ్ల పసుపు నిల్వ ఉందనుకుందాం. స్థానిక ధర క్వింటాలు 12,000 రూపాయలు. ధర పడుతుందన్న భయంతో ఆయన అంతే సరుకును ఎన్‌సిడిఇఎక్స్‌లో 12,500 చొప్పున వాయిదాకు అమ్మారు. నెల తిరిగేసరికి స్థానిక ధర 10,800కు, వాయిదా ధర 11,000కు దిగాయి. గోదాములోని సరుకుపై క్వింటాలుకు 1,200 నష్టం, వాయిదాలో 1,500 లాభం. వెరసి 300 మిగులు. హెడ్జింగ్ అంటే ఇదే. ఇంతవరకు మన బ్రోకర్లకు తెలిసినదే.

ఇప్పుడు లెక్క తిప్పుదాం. ధర పడక, వాయిదా 15,000కు ఎక్కింది. దుగ్గిరాలలో మాత్రం 14,000 వద్ద ఆగింది. సరుకుపై 2,000 లాభం, వాయిదాలో 2,500 నష్టం. వెరసి క్వింటాలుకు 500 చొప్పున 50,000 రూపాయల నష్టం. కారణం, ఆ వాయిదా ధరకు నిజామాబాద్ సరుకు ఆధారం. ఊరు మారితే, రకం మారితే ధరలు కలిసి నడవవు. ఈ రెండు ధరల అంతరాన్నే ‘బేసిస్’ అంటారు. హెడ్జింగ్ చేసినవారికి ధర భయం తగ్గుతుంది, బేసిస్ భయం మిగులుతుంది.

అంతకన్నా ముఖ్యం రొక్కం. వాయిదాలో నష్టాన్ని ఏ రోజుకారోజు కట్టాలి. పై లెక్కలో 2,50,000 రూపాయలు చేతి నుంచి పోయాయి. సరుకుపై వచ్చిన 2,00,000 లాభం గోదాములోనే ఉంది. అమ్మితేగాని చేతికి రాదు. జర్మనీలోని మెటల్‌గెసెల్‌షాఫ్ట్ కంపెనీ 1993లో ఇటువంటి చిక్కులోనే దెబ్బతిన్నది. ఏళ్లపాటు ఒకే ధరకు పెట్రోలియం సరుకులు ఇస్తామని ఒప్పుకుని, రక్షణగా స్వల్పకాలపు వాయిదాలు కొన్నది. చమురు ధర పడేసరికి వాయిదాల నష్టం వెంటనే కట్టవలసి వచ్చింది. ఒప్పందాల మీది లాభం ఏళ్ల తరువాత రావలసినది. నష్టం 100 కోట్ల డాలర్లు దాటింది.

ఇరవయ్యో రోజు

ఈ చదువులో తరచు వినబడే మాట ‘వాల్యూ ఎట్ రిస్క్’. జె.పి. మోర్గాన్ బ్యాంకు 1994లో తన పద్ధతిని బయటపెట్టిన తరువాత ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది. 95 శాతం లెక్కన ఒక రోజుకు ఆ అంకె లక్ష రూపాయలంటే, ఇరవై రోజుల్లో పందొమ్మిది రోజులు నష్టం లక్ష దాటదని అంచనా. ఇరవయ్యో రోజు ఎంత పోతుందో ఆ అంకె చెప్పదు.

అటువంటి రోజు 2020 ఏప్రిల్ 20న వచ్చింది. లాక్‌డౌన్ వేళల వల్ల మన ఎంసిఎక్స్ సాయంత్రం 5 గంటలకే మూతపడింది. అప్పటికి ముడిచమురు ధర బ్యారెలు 965 రూపాయలు. అదే రాత్రి న్యూయార్కులో మే వాయిదా సున్నా కంటే కిందికి జారి, మైనస్ 37.63 డాలర్ల వద్ద ముగిసింది. ఆ లెక్కన ఇక్కడి వాయిదాను మైనస్ 2,884 రూపాయలకు పరిష్కరించారు. 100 బ్యారెళ్ల లాటు ఒకటి కొని ఉంచుకున్నవారికి సాయంత్రం ధర మీద 3,84,900 రూపాయలు పోయాయి. ఆ లాటు మొత్తం విలువ 96,500 మాత్రమే! బయటకు పోదామన్నా ఆ రాత్రి ఇక్కడ బజారు లేదు. అందుకే మంచి అధ్యాపకులు సూత్రంతో ఆగరు. ధర ఎన్నడూ చూడని చోటికి పోతే ఏమవుతుందన్న ‘స్ట్రెస్ టెస్ట్’ లెక్క కూడా వేయిస్తారు.

ఎవరు చదవాలి?

బ్రిటన్‌లో రీడింగ్, గ్లాస్గో వంటి విశ్వవిద్యాలయాలలో ఈ ఎమ్మెస్సీ ఉన్నది. గణాంక శాస్త్రం, ఆప్షన్ల ధర కట్టడం, అప్పు రిస్కు, రొక్కపు రిస్కు ఇందులో ముఖ్యాంశాలు. ఈ విలేకరి కూడా బి.కాం. చదివినవాడే. మనకు జమాఖర్చులు వచ్చు, గణితం తక్కువ. ముందు దానిని సరిచేసుకోక ఫీజు కట్టడం తొందరపాటు.

బ్యాంకులో, ఎక్స్ఛేంజిలో, పెద్ద ఎగుమతి కంపెనీలో రిస్కు విభాగానికి పోదలచిన కుర్రవానికి ఈ డిగ్రీ తగును. దుకాణమే నడపదలచినవానికి సెక్యూరిటీస్ మార్కెట్ల జాతీయ సంస్థ, అంటే ఎన్ఐఎస్ఎం, నిర్వహించే కమోడిటీ డెరివేటివ్స్ పరీక్షతో మొదలుపెట్టడం మేలు.

ఏ చదువు లేకున్నా చిట్టాలో మూడు గడులు పెట్టవచ్చు: స్థానిక ధరకు, వాయిదా ధరకు నేటి అంతరం, ధర 20 శాతం ఎదురు తిరిగితే కట్టవలసిన రొక్కం, ఆ రొక్కం తెల్లారేసరికి ఎక్కడ నుంచి వస్తుందన్నది. వాయిదాలను కూడా నమ్ముకుని కూర్చోరాదు. 2021 డిసెంబరులో సెబి ధాన్యం, శనగ, పెసర సహా ఏడు సరుకుల వాయిదాలను నిలిపివేసింది. అటువంటప్పుడు నిల్వకు, అరువుకు హద్దు పెట్టుకోవడం తప్ప మరో రక్షణ లేదు.

పసుపు వర్తకులకు మా సలహా ఇదే. కుర్రవానిచేత ముందు ఒక సీజను ఆ మూడు గడులు రాయించండి. మూడో గడి ఖాళీగా ఉంటే సౌదా వద్దని అతడే తండ్రికి చెప్పగలిగిన నాడు, పై చదువు సంగతి ఆలోచించవచ్చు.