కదిలే మెట్లు ఎట్లా పనిచేస్తాయి?

హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ప్రసాద్స్ అనే పెద్ద భవనం ఉంది. 2003లో ప్రారంభమైంది. దుకాణాలు, తినుబండారాలు, ఆటల యంత్రాలు, సినిమా హాళ్ళు అన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయి. ప్రసాద్ అంటే సినిమా దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ గారు. ఆయన ఏలూరు దగ్గర రైతు కుటుంబంలో పుట్టి, బొంబాయికి పోయి చిన్న చిన్న పనులు చేస్తూ పైకి వచ్చారు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932)లో నటించారు.

ఇక్కడ మొదట ఐమాక్స్ తెర ఉండేది. ఎత్తు 72 అడుగులు, వెడల్పు 95 అడుగులు. అంటే పెద్ద తాటిచెట్టును నిలబెట్టినంత ఎత్తు! తర్వాత ఐమాక్స్ యంత్రం తీసి వేరేది పెట్టారు. అయినా జనం ఇంకా ఐమాక్స్ అనే అంటారు.

విజ్ఞాన యాత్రలో మేము అక్కడికి పోయినప్పుడు మాలో నలుగురు కదిలే మెట్ల దగ్గరే ఆగిపోయారు. వెనక ఉన్నవాళ్ళు నవ్వారు. దాని పని తెలిస్తే భయం ఉండదు కాబట్టి రాస్తున్నాను.

సైకిల్ గొలుసు చూశారు కదా. అట్లాంటి గొలుసుకే మెట్లన్నీ బిగించి ఉంటాయి. కరెంటు మోటారు పళ్ళ చక్రాన్ని తిప్పితే గొలుసు తిరుగుతుంది. పైకి చేరిన మెట్టు చదునుగా మారి లోపలికి పోయి, అడుగు నుంచి మళ్ళీ కిందికి వస్తుంది. కొత్త మెట్లు పుట్టవు, అవే తిరుగుతుంటాయి. చేతితో పట్టుకునే నల్ల పట్టీ కూడా వాటితోనే కదులుతుంది. వేగం మామూలుగా సెకనుకు అర మీటరు. మన నడక దానికన్నా ఎక్కువే!

ఎక్కేటప్పుడు గుర్తుంచుకోవలసినవి:

1. ఓణీ, చున్నీ, లంగా అంచులు పైకి పట్టుకోవాలి. సందులో ఇరుక్కుంటే లాగేస్తుంది. ఇది చాలా ప్రమాదం.
2. పసుపు గీతల లోపల పాదం పెట్టాలి. పక్క గోడకు చెప్పు తగలనీయొద్దు.
3. పట్టీ పట్టుకొని ముందుకే చూడాలి, కూర్చోవద్దు.
4. చివర దువ్వెన పళ్ళలాంటి రేకు వస్తుంది. అక్కడ కాలు ఎత్తి దిగి, వెంటనే పక్కకు జరగాలి.
5. ఎవరైనా పడితే కింద, పైన ఉండే ఎర్ర బటన్ నొక్కాలి. మెట్లు ఆగిపోతాయి.

ఇది చెప్పుకుంటూ చెయ్యి పట్టుకొని ఎక్కితే ఆ నలుగురూ వచ్చారు. దిగేటప్పుడు ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. రేపు చదువుకో, ఉద్యోగానికో పట్నం పోయేవాళ్ళకు ఇది అవసరం. చెట్లెక్కే కాళ్ళు మనవి, మెట్లకు ఆగుతామా!