కట్టుమరం ఎవరి మాట?

ప్రశ్న: మైపాడు తీరంలో మేం తెప్ప అనేదాన్నే ఇంగ్లిషులో ‘కాటమరాన్’ అంటారట. ఆ మాట ఎవరిదండీ?

జవాబు: పొరుగున ఉన్న తమిళులదండీ. కట్టు, మరం: అంటే కట్టిన దుంగలు. ‘కట్టు’ మనకూ ఉంది. మరానికి చుట్టం మన ‘మ్రాను’. కోరమాండల్ తీరానికొచ్చిన ఇంగ్లిషు నావికులు ఈ మాట పట్టుకెళ్లారు. విలియం డాంపియర్ 1697 నాటి యాత్రాగ్రంథంలో కనిపిస్తుంది. తర్వాత అర్థమే మారింది. 1876లో అమెరికాలో హెరెషాఫ్ కట్టిన ‘అమరిల్లిస్’ లాంటి జంట పడవలకు ఆ పేరు స్థిరపడింది.

ఆ జంట పడవలు వేరు, మన తెప్ప వేరు. దానికి పడవలా డొల్ల ఉండదు. దుంగల్ని తాళ్లతో బిగిస్తారు, వేట అయ్యాక విప్పి ఒడ్డున ఆరబెడతారు. పైకొచ్చిన నీళ్లు సందుల్లోంచి జారిపోతాయి, అందుకే అలల్లో మునగదు. ఎంత చక్కటి తెలివి! ఫైబర్ పడవలొచ్చాక ఆ కట్టు తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి. మీ పెద్దల్నడిగి ఒక్కో దుంగ పేరూ, ఒక్కో ముడి పేరూ రాసిపెట్టండి.