మారువేషముల చర్మవ్యాధి

చర్మముపై మచ్చ కనిపించగానే దానికొక పేరు పెట్టుట మనకు పరిపాటి. తెల్లనైనచో బొల్లి యనియు, దురద పెట్టినచో తామర యనియు, స్పర్శ తెలియనిచో కుష్ఠు అనియు తలచుచుందుము. ఈ పేర్ల చాటున అరుదుగా దాగియుండు మరియొక వ్యాధిని గూర్చి విద్యార్థులకు తెలుపదలచినాము.

1806లో ఫ్రెంచి చర్మవైద్యుడు అలిబర్ట్ ఒక రోగి శరీరముపై పుట్టగొడుగులను పోలిన కణితులను వర్ణించెను. ఆ పోలికనుండియే ఈ వ్యాధికి 'మైకోసిస్ ఫంగాయిడిస్' అను పేరు వచ్చినది. పేరు అట్లున్నను దీనికి శిలీంధ్రములతో సంబంధము లేదు. ఇది అంటువ్యాధి కాదు. రోగములతో పోరాడవలసిన టి-లింఫోసైట్లు అను తెల్లరక్తకణములు చర్మములో చేరి అదుపు లేక పెరుగుటచే కలుగు ఒకవిధమైన క్యాన్సరు.

సామాన్యముగా మొదట పలుచని మచ్చలు, పిదప దళసరి పలకలు, కొందరిలో తుదకు కణితులు ఏర్పడును. పిరుదులు, తొడలు, నడుము మొదలగు ఎండ తగులని భాగములందు మచ్చలు ఎక్కువ. చాలమందిలో తొలిదశయే ఏండ్ల తరబడి నిలిచియుండును.

అయితే వ్యాధి ఎల్లప్పుడును ఇట్లే కనిపించదు. దాని అసాధారణ రూపములలో మూడింటిని చెప్పుకొందము.

మొదటిది రంగు తగ్గిన మచ్చల రూపము. ఇది మనవంటి నల్లని, చామనచాయ చర్మము గలవారిలో, ముఖ్యముగా పిల్లలలోను యువకులలోను కనిపించును. బొల్లిలో రంగు పూర్తిగా పోవును. ఇందులో సాధారణముగా కొంత మిగులును. కుష్ఠుమచ్చలో తరచుగా స్పర్శ తగ్గును. ఇందులో స్పర్శ నిలిచియుండును.

రెండవది రోమకూపములను పట్టు రూపము. తల, మెడ, ముఖములపై మొటిమలవంటి పొక్కులు లేచును. కనుబొమల వెండ్రుకలు రాలును. కుష్ఠులోను కనుబొమలు రాలును గనుక పొరపడుట సులభము. వ్యాధికణములు లోతున నుండుటచే చికిత్సయు కష్టతరము.

మూడవది మిక్కిలి అరుదు. చంకలలో, గజ్జలలో చర్మము వదులై మడతలుగా వ్రేలాడును.

ఇన్ని వేషములు గల వ్యాధిని కంటిచూపుతో నిర్ణయింపరాదు. చర్మపు ముక్కను తీసి సూక్ష్మదర్శినితో పరీక్షింపవలెను. తొలిదశలో ఒక పరీక్ష చాలకపోవచ్చును. మరల మరల చేయవలసి వచ్చును. ఈలోగా అంగడిలో కొన్న స్టెరాయిడ్ లేపనములు పూసినచో లక్షణములు మరుగుపడును.

తెల్లమచ్చల రూపము సాధారణముగా నెమ్మదిగా నడచును. అతినీలలోహిత కిరణముల చికిత్సకు బాగుగా లొంగును. కాని మచ్చలు మరల రావచ్చును గనుక వైద్యుని పర్యవేక్షణ విడువరాదు.

మన సమాజములో మచ్చకు పెట్టిన పేరు మనిషికి అంటుకొనును. కుష్ఠు అను అనుమానముతోనే చదువులు ఆగినవి, సంబంధములు తప్పినవి. నిజమునకు కుష్ఠుకును భయపడ నక్కరలేదు. 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించిన బహుళ ఔషధ చికిత్సతో అది నయమగును. కావున నెలల తరబడి మానని మచ్చను దాచక చర్మవైద్యునకు చూపుడు. తోటి విద్యార్థి మచ్చకు పేరు పెట్టు పనిని మాత్రము పరీక్షకే విడువుడని మా మనవి.