రాసిన మాటే మన హాజరు

ఐటీ ఉద్యోగం అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేది హైదరాబాద్ బస్సు. ఇప్పుడు పని మన ఊళ్ల దాకా వస్తోంది. 2020లో కరీంనగర్, ఖమ్మంలలో, 2023లో సూర్యాపేటలో ఐటీ హబ్‌లు మొదలయ్యాయి. హబ్ కూడా అక్కర్లేని దారి ఇంకొకటుంది: ఇంటి నుంచే చిన్న సాఫ్ట్‌వేర్ ఏజెన్సీకి పనిచేయడం. ఫైనల్ ఇయర్ ఇంటర్న్‌షిప్ నేను కోదాడలో మా ఇంటి నుంచి అలాగే చేస్తున్నా. టీంలో సూర్యాపేట నుంచి ఒక అక్క, మిర్యాలగూడ నుంచి ఒక అన్న ఉన్నారు. అక్కడ నేర్చుకున్నవి మీకోసం.

1. డబ్బు ఎలా వస్తుంది?

క్లయింట్ గంటల లెక్కన ఇస్తాడు, లేదా మొత్తం ప్రాజెక్టుకి ఇంత అని మాట్లాడుకుంటాడు. రెండో పద్ధతిలో పని పెరిగితే నష్టం ఏజెన్సీదే. ముగ్గురున్న టీంలో ఆ నష్టం నేరుగా జీతాల మీద పడుతుంది. కాబట్టి కాల్‌లో "చిన్న మార్పే కదా" అని క్లయింట్ అంటే, కాల్ అవగానే దాన్ని రాసి పంపి, ఒప్పుకున్న పనిలో ఉందో లేదో తేల్చుకోవాలి. నోటి మాట నీటి మూట అని మన పెద్దలు ఊరికే అనలేదు.

2. పని చేతులు మారేటప్పుడు

అక్కకి చిన్న పాప. పాప లేవకముందే, తెల్లవారుజామున ఐదింటికి కూర్చుంటుంది. అన్న వాళ్ల నాన్నని వారానికి మూడు రోజులు డయాలసిస్‌కి తీసుకెళ్తాడు, అందుకే రాత్రి పని. ఇద్దరూ ఊరు వదిలి వెళ్లలేరు. వాళ్లకి ఈ పని నిలబడటం ముఖ్యం. అన్న అర్ధరాత్రి ఆపిన కోడ్‌ని అక్క ఐదింటికి అందుకోవాలి. ఆ టైమ్‌లో ఫోన్ చేసి లేపలేం కదా!

"పేమెంట్ పేజీ పనిచేయట్లేదు, చూస్తున్నా" అని రాస్తే అక్క మళ్లీ మొదటి నుంచి వెతకాలి. అన్న ఇలా రాస్తాడు:

"కార్డుతో కడితే ఆర్డర్ సరిగ్గా వస్తోంది. యూపీఐతో కడితే పెండింగ్‌లోనే ఉంటోంది. గేట్‌వే నుంచి కబురు మన సర్వర్‌కి చేరుతోంది, లాగ్‌లో చూశాను. సిగ్నేచర్ సరిచూసే ఫంక్షన్ దగ్గర ఆగుతోంది. నా బ్రాంచ్‌ని ఇప్పుడే మెర్జ్ చేయొద్దు."

ఏం జరుగుతోంది, ఏం చూశాం, ఎక్కడ ఆగాం, ఏం చేయకూడదు: ఈ నాలుగూ ఉంటే చాలు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ కోసం గిట్ తయారుచేసిందీ, వేర్వేరు దేశాల వాళ్లు ఒకే కోడ్ మీద పనిచేయడానికే. కమిట్ మెసేజ్‌లో "ఫిక్స్‌డ్" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. ఎందుకు మార్చారో రాయండి.

3. టైమ్ లెక్క

న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే మనకి వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. మీటింగ్ టైమ్ రాసేటప్పుడు ఏ ఊరి టైమో కూడా రాయాలి. డేటాబేస్‌లో యూటీసీ వాడటం మేలు.

4. చేరేముందు అడగండి

ఉద్యోగిగా తీసుకుంటున్నారా, కన్సల్టెంట్‌గానా? సాధారణంగా 20 మంది, అంతకుమించి ఉన్న సంస్థలకే పీఎఫ్ తప్పనిసరి. చిన్న ఏజెన్సీలో అది ఉండకపోవచ్చు. జీతం ఏ తేదీకి? ల్యాప్‌టాప్ ఎవరిది? కరెంటు పోతే ఇన్వర్టర్, రెండో సిమ్ ఖర్చు ఎవరిది? జవాబులు మెయిల్‌లో తీసుకోండి.

ఆఫీసులో మన మొహం చూసి పనిచేస్తున్నామని నమ్ముతారు. ఇక్కడ మన రాత చూసి నమ్ముతారు. ఇంగ్లిష్ గొప్పగా ఉండక్కర్లేదు, విషయం స్పష్టంగా ఉండాలి.

ఒక అభ్యాసం: మీ మినీ ప్రాజెక్టుకి ఒక పేజీ నోట్ రాసి, వేరే బ్రాంచ్ ఫ్రెండ్‌కి ఇవ్వండి. మీకు ఫోన్ చేయకుండా దాన్ని రన్ చేయగలిగితే మీరు పాసైనట్టే. ఎక్కడ ఆగిపోయాడో, అక్కడ ఇంకో వాక్యం రాయండి.