ఖాళీ చేయించే ముందు దిద్దుకోమనే నోటీసు: గడ్డపోతారం గదులు చూసుకునేవారికి

గడ్డపోతారం, కాజీపల్లి, బొల్లారం వైపు వరుస గదులు కట్టి కిరాయికిచ్చినవాళ్ల దగ్గర అగ్రిమెంటు కాగితం దొరుకుతుంది గానీ, ఆ తరువాత కిరాయిదారుకు రాసిన ఒక్క ఉత్తరం కూడా కనిపించదు. షరతు తప్పితే మొదట గుమ్మం దగ్గర మాటలు, తరువాత మోటారు బందు, చివరికి తాళం. ఈ దారిలో వెళ్లిన ఓనరు తన తప్పు లేని గొడవలో కూడా తప్పు చేసినవాడిగా నిలబడతాడు. అందుకే ఓనర్లకూ, వాళ్ల తరఫున గదులు చూసుకునే మనుషులకూ ఈ నాలుగు మాటలు.

నలుగురికని తీసుకున్న గదిలో ఎనిమిది మంది ఉంటారు. సబ్ మీటరు మీద పెద్ద హీటరు నడుస్తుంది. మెట్ల కింద, ఏ రసాయనం పోసి తెచ్చారో తెలియని ఖాళీ డ్రమ్ములు నీళ్ల కోసం వరుసగా చేరతాయి. వరండా నిండా బైకులు. ఇవన్నీ దిద్దుకోదగిన తప్పులే. మనుషులు తగ్గుతారు, డ్రమ్ములు పోతాయి, బైకులు జరుగుతాయి. గోడ పగలగొట్టి తలుపు పెట్టినా, ఖర్చయినా సరే, మళ్లీ కట్టించవచ్చు. చిన్న సిలిండర్లలోకి గ్యాస్ నింపడం మాత్రం వేరే సంగతి. దానికి గడువు ఇవ్వకండి. ఆ గంటలోనే ఆపించి, కాగితం తరువాత రాసుకోండి.

ఇలాంటి తప్పుకు ముందు నోటీసు ఇవ్వడం ఓనరు మంచితనం మీద వదిలేసిన విషయమేమీ కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 1929లో చేర్చిన 114ఎ సెక్షన్ దీని గురించే. షరతు తప్పితే ఒప్పందం రద్దు చేసి ఇల్లు వెనక్కి తీసుకుంటానని అగ్రిమెంటులో రాసుకున్న ఓనరు, ఆ కారణంతో దావా వేయాలంటే ముందు రాతపూర్వకంగా రెండు మాటలు చెప్పి ఉండాలి. తప్పిన షరతు ఏదో స్పష్టంగా చెప్పాలి. దిద్దగలిగిన తప్పయితే దిద్దమని అడగాలి. సబబైన గడువు దాటినా దిద్దకపోతేనే దావా. కిరాయి బాకీకీ, గదిని ఇంకొకరికి కిరాయికివ్వకూడదన్న షరతుకూ ఈ సెక్షన్ వర్తించదు. కాబట్టి ఎనిమిది మంది కనబడితే, వాళ్లు కిరాయిదారుతో కలిసి ఉంటున్నారా, లేక అతను వాళ్ల దగ్గర కిరాయి వసూలు చేసుకుంటున్నాడా అన్నది ముందు తేల్చుకోండి. రెండూ చట్టం దృష్టిలో ఒకటి కావు.

కిరాయిదారు లేదా అతని మనుషుల వల్ల ఇంటికి నష్టం జరిగితే లెక్క ఇంకోలా ఉంటుంది. అగ్రిమెంటులో వేరే మాట లేకపోతే, అదే చట్టం 108వ సెక్షన్ ప్రకారం నోటీసు ఇచ్చిన 3 నెలల్లో అతను దాన్ని బాగుచేయించాలి. తగిన వేళల్లో లోపలికి వచ్చి చూసే హక్కు ఓనరుకుంది. తగిన వేళ అంటే నైట్ డ్యూటీ దిగి పడుకున్నవాళ్ల తలుపు ఉదయం పదింటికి బాదడం కాదు.

చాలామంది ఇక్కడే రెండు నోటీసులను కలిపేస్తారు. నెలనెలా నడిచే కిరాయిని ముగించడానికి 106వ సెక్షన్ కింద ఇచ్చే 15 రోజుల నోటీసు వేరు. అది 'వెళ్లిపో' అనే కాగితం. మనం మాట్లాడుతున్నది 'సరిచేసుకుని ఉండు' అనే కాగితం. ఒకే పేజీలో రెండూ రాస్తే చదివినవాడికి తను ఏం చేయాలో అర్థం కాదు, రేపు న్యాయమూర్తికి మీరు ఏం అడిగారో అర్థం కాదు. ఇంకో మాట. 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం మునిసిపాలిటీలకు వర్తిస్తుంది, గడ్డపోతారం ఈమధ్యే మునిసిపాలిటీ అయింది. కొత్త భవనాలకు, కిరాయి ఒక హద్దు దాటిన ఇళ్లకు అందులో మినహాయింపులున్నాయి. మీ గదులు ఎటు వస్తాయో సంగారెడ్డి కోర్టులో పనిచేసే వకీలును ఒకసారి అడిగి పెట్టుకోండి. ఆ చట్టం కిందికి వస్తే ఖాళీ చేయించడానికి రెంట్ కంట్రోలర్ దగ్గరికే వెళ్లాలి.

నోటీసులో కోపం ఉండకూడదు. 'మీరు ఎన్నిసార్లు చెప్పినా వినరు' అన్న వాక్యం ఎందుకూ పనికిరాదు. ఇలా ఉంటే చాలు:

'గది నంబరు 7 కిరాయిదారు గారికి. మన అగ్రిమెంటు 6వ షరతు ప్రకారం ఈ గదిలో నలుగురికి మించి ఉండకూడదు. ఈ నెల 3వ తేదీ సాయంత్రం, 5వ తేదీ ఉదయం వచ్చి చూసినప్పుడు ఎనిమిది మంది నివాసం ఉంటున్నట్టు తెలిసింది. ఈ నోటీసు అందిన 15 రోజుల్లోగా నలుగురే ఉండేలా చూసి, వారి పేర్లు నాకు రాసి ఇవ్వండి. 16వ రోజు సాయంత్రం 6 గంటలకు వచ్చి చూస్తాను. అప్పుడు డ్యూటీ ఉంటే ముందే ఫోన్ చేయండి, వేరే వేళ పెట్టుకుందాం. గడువులోగా సరిచేయకపోతే 11వ షరతు కింద ఒప్పందం రద్దుకు చర్య తీసుకోవలసి వస్తుంది.' కింద తేదీ, సంతకం.

రెండు వేళల్లో చూడమనడానికి కారణం ఉంది. ఒకే మంచం మీద షిఫ్టుకొకరు పడుకునే గదులు మన దగ్గర ఉన్నాయి. మధ్యాహ్నం వెళితే సగం మందే కనిపిస్తారు. పండక్కి వచ్చిన చుట్టాలను లెక్కలో వేస్తే మీ నోటీసే తప్పవుతుంది.

ఎవరికి రాయాలన్నది మన పరిశ్రమల బెల్టులో అసలు చిక్కు. అగ్రిమెంటు మీద సంతకం లేబర్ కాంట్రాక్టరుది, గదిలో ఉండేది ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చిన పిల్లలు. నోటీసు సంతకం పెట్టినవాడి పేరునే వెళ్లాలి, ఒక నకలు గదికి. గదికిచ్చే నకలు హిందీలోనో ఒడియాలోనో ఉంటే మంచిది. లేదంటే తెలిసినవారితో చదివించి, చదివి వినిపించినట్టు కింద రాయించండి. పేర్ల జాబితా అడగడం ఓనరు పెత్తనం కోసం కాదు. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి పరిశ్రమ పేలినప్పుడు చనిపోయినవాళ్లలో చాలామంది వలస కార్మికులే. మృతదేహాలను డీఎన్‌ఏ పరీక్షలతో గుర్తించాల్సి వచ్చింది. ఏ గదిలో ఎవరుంటున్నారు, వాళ్ల ఇంటి ఫోన్ నంబరేది అన్న కాగితం మీ దగ్గర ఉండటం వాళ్లకే ఎక్కువ అవసరం.

చేతికిస్తే నకలు మీద తేదీతో సంతకం తీసుకోండి. తీసుకోకపోతే పోస్టు. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి, చేరినట్టు రుజువు కావాలని కౌంటరులో అడిగి పంపండి, రసీదు దాచండి. వాట్సాప్‌లో ఫొటో కూడా పెట్టండి, కానీ దాన్నే నమ్ముకోవద్దు.

గడువు ఎంత? డ్రమ్ములు తీయడానికి మూడు రోజులు చాలు. నలుగురికి వేరే గది దొరకాలంటే జీతం పడే తేదీ దాటాలి. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇలాంటి నోటీసుకు 3 రోజులే, శని ఆదివారాలు, కోర్టు సెలవులు లెక్కలోకి రావు. మన చట్టం రోజులు చెప్పలేదు, సబబుగా ఉండాలంది. అది ఓనరుకు వెసులుబాటూ అవుతుంది, పరీక్షా అవుతుంది.

చెప్పిన రోజు తప్పకుండా వెళ్లండి. సరిచేసి ఉంటే 'సరిచేశారు' అని రాసి సంతకం పెట్టి ఇవ్వండి. దీన్ని దాదాపు ఎవరూ చేయరు. కిరాయిదారుకు మీ మీద నమ్మకం కుదిరేది ఆ చీటీతోనే.

సరిచేయకపోతే, ఒప్పందం రద్దుకు సిద్ధపడ్డాక ఫోన్‌పేలో వచ్చిపడే కిరాయితో జాగ్రత్త. ఒప్పందం రద్దయ్యాక, ఆ సంగతి తెలిసీ ఆ తరువాతి కిరాయి తీసుకుంటే, ఆ రద్దును వదులుకున్నట్టేనని ఆస్తి బదిలీ చట్టం 112వ సెక్షన్ చెబుతుంది. గడువు నడుస్తుండగా మాత్రం కిరాయి మామూలుగానే తీసుకోండి, రసీదు ఇవ్వండి. గడువు దాటాక తీసుకునే ముందు వకీలును అడగండి.

కరెంటు తీయడం, నీళ్లు ఆపడం, సామాను బయట పెట్టడం వద్దు. చట్టప్రకారం కాకుండా బయటికి నెట్టించుకున్న కిరాయిదారు 1963 నాటి ప్రత్యేక ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద 6 నెలల్లోగా దావా వేసి గదిలోకి తిరిగి రావచ్చు. ఇల్లు నాదేనని ఓనరు చూపించే పత్రాలు ఆ దావాలో అడ్డు కావు.